గుండె వార్డులో కొత్త సిస్టర్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని పూర్వ విద్యార్థినుల సంఘం వారు అడిగినప్పుడు, నాకు కథలు, కవితలు రావు, నా ఉద్యోగం గురించి అయితే రాయగలను అన్నాను. అదే కావాలన్నారు. కిందటి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు పదో తరగతి చదువుతున్న చెల్లెళ్ళు ముగ్గురు స్టేజీ వెనక నన్ను పట్టుకుని, "అక్కా, నర్సింగ్ చేస్తే హైటెక్ సిటీల పెద్ద దవాఖానల జాబ్ వస్తదంట గదా, గుండె పేషెంట్ల కాడ ఆ మిషన్లన్నీ చూస్తే నీకు భయం కాదా?" అని అడిగారు. ఆఖరి బస్సు టైమవుతోందని ఏదో నవ్వేసి వచ్చేశాను. వాళ్ళకు చెప్పవలసిన జవాబు ఇది. కొంచెం పెద్దదే అయింది, ఓపికగా చదవండి.

భయం వేస్తుంది, అబద్ధం ఎందుకు? అయితే మిషన్ల భయం మూడు నెలల్లో పోతుంది. పోవడానికి ఏళ్ళు పట్టే భయం ఇంకొకటి ఉంది. దాని గురించే ముఖ్యంగా రాస్తున్నాను.

గుండె వార్డు ఎలా పుట్టింది?

హైటెక్ సిటీ అనగానే అందరికీ సాఫ్ట్‌వేరే గుర్తుకు వస్తుంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత మాదాపూర్ వైపు ఆఫీసులు పెరిగాయి, ఆఫీసుల వెంట అపార్ట్‌మెంట్లు, అపార్ట్‌మెంట్ల వెంట ఆసుపత్రులు వచ్చాయి. ఇవాళ కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల మీదుగా వెళితే ప్రతి రెండు మూడు కిలోమీటర్లకు ఒక పెద్ద ఆసుపత్రి కనబడుతుంది. దాదాపు అన్నిటిలోనూ గుండె విభాగం ఉంది. నా మొదటి ఉద్యోగం 2011లో ఈ వైపే ఒక ఆసుపత్రిలో దొరికింది. పేరు ఇక్కడ అవసరం లేదు.

గుండె వార్డును సీసీయూ అంటారు, అంటే కరోనరీ కేర్ యూనిట్. 1960 ప్రాంతం వరకూ ప్రపంచంలో ఎక్కడైనా సరే, గుండెపోటు వచ్చిన మనిషిని మామూలు వార్డులోనే ఒక మంచం మీద పడుకోబెట్టి, కదలకుండా విశ్రాంతి తీసుకోమనేవారు. అలా చేరినవారిలో నూటికి ముప్ఫై మంది దాకా ఆసుపత్రిలోనే చనిపోయేవారు. చాలామంది చనిపోయేది గుండె లయ ఒక్కసారిగా తప్పడం వల్ల. దాన్ని కరెంటు షాకుతో సరిచేయవచ్చని అప్పటికే తెలుసు. కానీ ఎవరో చూసి, డాక్టరుకు కబురు పెట్టి, ఆయన వచ్చేసరికి ప్రాణం పోయేది. గుండె ఆగాక షాకు ఇవ్వడంలో ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గిపోతుందని ఇప్పుడు లెక్క తేలింది.

ఇలాంటి రోగులందరినీ ఒకేచోట ఉంచి, ఎప్పుడూ ఒకరు కనిపెట్టుకుని ఉండాలని 1961లో ఎడిన్‌బరోలో డెస్మండ్ జూలియన్ అనే యువ డాక్టరు ప్రతిపాదించాడు. 1962లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో హ్యూస్ డే అనే డాక్టరు అలాంటి వార్డు తెరిచాడు. ఆ తర్వాత కొద్దికాలానికి ఫిలడెల్ఫియాలో లారెన్స్ మెల్ట్‌జర్ అనే డాక్టరు, రోజ్ పినియో అనే నర్సు కలిసి ఇంకొక అడుగు వేశారు. నర్సులకు ఈసీజీ చదవడం నేర్పి, అవసరమైతే డాక్టరు వచ్చేదాకా ఆగకుండా వాళ్ళే షాకు ఇవ్వవచ్చని అధికారం ఇచ్చారు. ఇలాంటి వార్డులు వచ్చాక ఆసుపత్రిలో చావులు సుమారు సగానికి తగ్గాయి.

ఈ చరిత్ర నాకు నర్సింగ్ స్కూల్లో ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు చదివాను. ముందే తెలిసుంటే బాగుండేది. గుండె వార్డులో అన్నిటికన్నా విలువైన వస్తువు మంచం పక్కన నిలబడ్డ నర్సు కళ్ళు, ఆమె నోరు. కొత్తలో నాకు కళ్ళు బాగానే పనిచేశాయి. నోరే పనిచేయలేదు.

కోల్గేట్ సిస్టర్

చేరిన రెండో నెల. నైట్ డ్యూటీ, తెల్లవారుజామున 6 గంటలు. సెంట్రల్ మానిటర్ మీద నాలుగో నంబరు బెడ్డుకు ఎర్ర లైటు వెలిగి, "వీటాక్" అని అలారం మోగింది. వీటాక్ అంటే గుండె కింది గదుల నుంచి పుట్టే వేగమైన లయ. కొన్ని క్షణాల్లో గుండె ఆగిపోయే స్థితికి దారితీయవచ్చు. తెర మీద గీతలు పుస్తకంలో బొమ్మ వేసినట్టే వెడల్పుగా, పెద్దగా ఉన్నాయి. నేను కోడ్ బ్లూ బటన్ నొక్కి, క్రాష్ కార్ట్ లాక్కుంటూ పరుగెత్తాను. డ్యూటీ డాక్టరు చెప్పులు లేకుండా వచ్చాడు. మత్తు డాక్టరు వచ్చాడు. ఇంకో వార్డు నుంచి ఇద్దరు సిస్టర్లు వచ్చారు.

కర్టెన్ తీసి చూస్తే రిటైరైన ఆర్టీసీ కండక్టరు ఒకాయన మంచం మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. నోటినిండా నురగ. మమ్మల్నందరినీ చూసి బ్రష్ ఆపాడు. తెర మీద గీత కూడా మామూలు అయిపోయింది. "ఏమైంది బిడ్డా?" అన్నాడు.

చేయి ఆడితే ఛాతీ మీద అంటించిన ఎలక్ట్రోడు కదిలి, తెర మీద సరిగ్గా ఆ జబ్బు లాగే గీతలు వస్తాయి. గుండె వార్డులో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. వేలికి పెట్టిన క్లిప్పు నుంచి వచ్చే నాడి గీత సక్రమంగా నడుస్తుంటే, మనిషి మాట్లాడుతుంటే, అది గుండె లయ కాదు, చేతి ఊపు. ఎలక్ట్రోడు ఊడినా అంతే, గీత సాఫుగా అయిపోతుంది. అందుకే తెరను చూసిన వెంటనే మనిషిని చూడాలి, నాడి పట్టుకోవాలి. (సినిమాల్లో గీత సాఫుగా కాగానే షాకు ఇస్తారు చూశారా, అది తప్పు. గీత గజిబిజిగా వణుకుతున్నప్పుడు షాకు పనిచేస్తుంది. నిజంగా సాఫుగా ఉంటే ఛాతీ నొక్కుతూ మందులు ఇవ్వాలి, షాకు వల్ల లాభం లేదు. నొక్కడం కూడా సినిమాలో లాగా మెల్లగా కాదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, మనిషి మారాలి.)

ఆ రోజు నుంచి నాకు "కోల్గేట్ సిస్టర్" అని పేరు పెట్టారు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, నేనూ నవ్వాను. కానీ లోపల ఒకటి నిశ్చయించుకున్నాను. ఇంకోసారి పూర్తిగా రూఢి అయ్యేదాకా ఎవరినీ పిలవను, నవ్వులపాలు కాను అని.

ఇరవై అయిదు నిమిషాలు

పది రోజులైంది. మళ్ళీ నైట్ డ్యూటీ. ఏడో నంబరు బెడ్డులో అరవై దాటిన అమ్మ ఒకామె. ఆ మధ్యాహ్నమే యాంజియోప్లాస్టీ చేశారు. అంటే మూసుకుపోయిన గుండె రక్తనాళంలోకి సన్నని తీగ, బెలూన్ పంపి తెరిచి, స్టెంట్ పెట్టారు. ఇప్పుడు ఎక్కువగా మణికట్టు దగ్గరి నాళం నుంచే వెళుతున్నారు. అప్పట్లో ఎక్కువ కేసులు గజ్జ దగ్గరి నాళం నుంచే. అలా చేసినప్పుడు కాలు మడవకుండా చాలా గంటలు వెల్లకిలా పడుకోవాలి. గజ్జ దగ్గర కట్టు తడుస్తోందా, వాపు వస్తోందా, పాదం చల్లబడుతోందా అని నర్సు మళ్ళీ మళ్ళీ చూడాలి.

రాత్రి 2 గంటల 40 నిమిషాలకు ఆమె, "నడుము నొస్తుంది బిడ్డా" అంది. కట్టు చూశాను, పొడిగా ఉంది. అన్ని గంటలు కదలకుండా పడుకుంటే ఎవరికైనా నడుము నొస్తుంది కదా అనుకున్నాను. బీపీ సాయంత్రం 130 ఉన్నది 108 చూపించింది. నిద్రలో తగ్గుతుందిలే అనుకున్నాను. పదిహేను నిమిషాల తర్వాత 96. నాడి 84 నుంచి 104కు పెరిగింది. నాకు అనుమానం రాలేదని చెప్పను. వచ్చింది. ఫోను దగ్గరికి వెళ్ళాను కూడా. డాక్టరు అప్పుడే పడుకోవడానికి వెళ్ళాడు. లేపితే ఇది కూడా పళ్ళు తోముకోవడమే అయితే? ఇంకోసారి బీపీ చూసి పిలుద్దాం అని వెనక్కి వచ్చాను.

మా ఇన్‌చార్జ్ కేరళ ఆమె. అందరం చేచీ అనేవాళ్ళం, అంటే వాళ్ళ భాషలో అక్క. రౌండ్‌కు వచ్చి చార్టు చూసి, ఆ అమ్మ కడుపు మీద ఒక పక్క చేయి పెట్టి నొక్కి, ఆ చేయి తీయకుండానే నన్ను డాక్టరును పిలవమని అరిచింది. గజ్జ నాళం నుంచి రక్తం బయటికి రాకుండా లోపల, కడుపు వెనక భాగంలోకి కారుతోంది. అక్కడ ఎంత రక్తమైనా నిలుస్తుంది, పైకి ఒక్క చుక్క కనబడదు. నడుము నొప్పి, పడిపోతున్న బీపీ, పెరుగుతున్న నాడి, ఈ మూడూ కలిస్తే అదే అనుకోవాలి. సెలైన్లు, రక్తం, స్కానింగ్, తెల్లవారేదాకా పరుగులే. ఆ అమ్మ బతికింది. వారం తర్వాత నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది.

"నొప్పి ఎప్పటి నుంచి?" అని డాక్టరు అడిగినప్పుడు ఇరవై అయిదు నిమిషాల నుంచి అని నిజమే చెప్పాను. డ్యూటీ అయిపోయాక చేచీ నన్ను మందుల గదిలోకి తీసుకుపోయింది. తిడుతుందనుకున్నాను. "ఎందుకు పిలవలేదు?" అంది. నవ్వుతారని అన్నాను. ఆమె తన వచ్చీరాని తెలుగులో, "నువ్వు వంద సార్లు ఉత్తగా పిలువు. నేను వంద సార్లు వస్తాను. ఒక్కసారి పిలవకపోతే ఎవరు వస్తారు?" అంది.

ఆ తర్వాత ఆలోచిస్తే నాకు అర్థమైంది, ఈ మౌనం నాకు ఆ పది రోజుల్లో వచ్చింది కాదు. మనం హాస్టల్లో పెరిగాం. మంచి పిల్ల అంటే మాట్లాడని పిల్ల. లైన్లో నిలబడి, పళ్ళెంలో వేసింది తిని, ట్రంకు పెట్టె సర్దుకుని, సార్ అడిగితే "అర్థమైంది సార్" అనే పిల్ల. అన్నం చాలలేదని, నల్లా రావడం లేదని చెప్పడానికి ఒకరిని ముందుకు తోసి వెనక నిలబడే వాళ్ళం గుర్తుందా? ఎవరినీ తప్పుపట్టడం లేదు. రెండు వందల మంది పిల్లలను ఒకరిద్దరు చూసుకోవాలంటే అలాగే నడుస్తుంది. ఆ క్రమశిక్షణ వల్లనే మనం పొద్దున అయిదింటికి లేవగలం, పన్నెండు గంటలు నిలబడగలం. కానీ అర్థం కాకపోయినా "అర్థమైంది సార్" అనే అలవాటును ఆసుపత్రి గేటు బయటే విడిచి రావాలి.

ఫోనులో చెప్పే మందు

అర్థం కాకుండా సరేననడం ఎంత ప్రమాదమో రెండు ఉదాహరణలు చెబుతాను. రాత్రిపూట డాక్టర్లు ఒక్కోసారి ఫోనులో మందు చెబుతారు. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోనులో ఒకేలా వినిపిస్తాయి. అందుకే విన్నది కాగితం మీద రాసి, తిరిగి చదివి వినిపించాలి, "వన్ ఫైవ్, పదిహేను, అవునా సార్?" అని. డాక్టరు విసుక్కున్నా సరే. రెండోది హెపారిన్. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. ఒకే సైజు అయిదు మిల్లీలీటర్ల సీసాలో రెండు రకాలుగా వస్తుంది, ఒకదానిలో మిల్లీలీటరుకు వెయ్యి యూనిట్లు, ఇంకొకదానిలో అయిదు వేలు. ఒకటి అనుకుని ఇంకొకటి తీస్తే అయిదు రెట్లు మందు పోతుంది. ఇంకొక సిస్టర్‌కు చూపించి, ఇద్దరూ పేరు, బలం చదివాకే ఎక్కించాలి. పొటాషియం ఇంజెక్షన్ అయితే ఎప్పుడూ నేరుగా నరంలోకి ఒక్కసారిగా ఇవ్వకూడదు, గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. సెలైన్‌లో బాగా కలిపి, మెల్లగా, మానిటర్ చూస్తూ ఇవ్వాలి.

లెక్కలంటే భయపడి నర్సింగ్‌కు వచ్చేవారున్నారు. ఇక్కడా లెక్కలు తప్పవు, కానీ అవి మన ఏడో తరగతి లెక్కలే. ఒకటి చేసి చూపిస్తాను. బీపీ నిలబెట్టడానికి నార్‌అడ్రినలిన్ అనే మందు ఇస్తారు. 4 మిల్లీగ్రాముల మందును 50 మిల్లీలీటర్ల సిరంజిలో కలిపాం. 4 మిల్లీగ్రాములంటే 4,000 మైక్రోగ్రాములు, కాబట్టి ఒక మిల్లీలీటరులో 80 మైక్రోగ్రాములు ఉంటుంది. రోగి బరువు 60 కిలోలు. కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రాము ఇవ్వమన్నారు. నిమిషానికి 6, గంటకు 360 మైక్రోగ్రాములు. 360ని 80తో భాగిస్తే 4.5. పంపు మీద గంటకు 4.5 మిల్లీలీటర్లు అని పెట్టాలి. ఇంతే. మిల్లీకి, మైక్రోకు తేడా వెయ్యి రెట్లు అని, చుక్క పెట్టే చోటు తప్పితే పది రెట్లు అని మరచిపోకపోతే చాలు. నేను మొదటి ఏడాది ఈ లెక్కలన్నీ రెండు రూపాయల పాకెట్ నోట్‌బుక్‌లో రాసుకుని జేబులో పెట్టుకునేదాన్ని. సీనియర్లు కూడా అడిగి చూసేవారు.

ఇంగ్లీషు, గాబరా

ఇంగ్లీషు రాదనే బాధ మనందరికీ ఉంది. ఈ వైపు ఆసుపత్రుల్లో డ్యూటీ అప్పగింత ఇంగ్లీషులో, తోటి సిస్టర్లు మలయాళంలో, రోగుల బంధువులు హిందీలో మాట్లాడతారు. మొదటి నెల నాకు చెవుల్లో హోరు తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత తెలిసింది ఏమిటంటే, డాక్టరును పిలవడానికి వ్యాకరణం అక్కర్లేదు. ఎవరి గురించి, ముందు ఏమి జరిగింది, ఇప్పుడు ఏమి చూస్తున్నాను, ఏమి కావాలి, ఈ నాలుగు వరుసగా చెప్పాలి. "సార్, బెడ్ సెవెన్. టుడే యాంజియోప్లాస్టీ, రైట్ గ్రోయిన్. బీపీ వన్ థర్టీ టు నైంటీ సిక్స్, పల్స్ వన్ నాట్ ఫోర్, బ్యాక్ పెయిన్. ప్లీజ్ కమ్ నౌ." ఆ రాత్రి నేను చెప్పవలసింది ఈ నాలుగు ముక్కలే. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే కొత్త పిల్లలతో మొదటి రోజే ఇది పది సార్లు పైకి చెప్పిస్తాను.

మన తెలుగు మనకు అక్కడ తక్కువేమీ కాదు. మన ఊళ్ళ నుంచి వచ్చే పెద్దవాళ్ళు "ఛాతీలో నొప్పి" అని పుస్తకంలో ఉన్నట్టు చెప్పరు. "గుండెల బరువు పెట్టినట్టయితుంది" అంటారు, "దమ్ము ఆడ్తలేదు" అంటారు, "గాబరా అయితుంది" అంటారు. భాష రాని ఒక సిస్టర్ గాబరా అంటే ఆందోళన అని రాసుకుని ధైర్యం చెప్పి వెళ్ళిపోయింది. ఆ పెద్దాయన గాబరా అన్నది గుండె దడకు. ఈసీజీ తీస్తే లయ తప్పి ఉంది. ఇక "గ్యాస్" అనే మాట సంగతి చెప్పనే అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ళకు, ఆడవాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు గుండెపోటులో నొప్పే లేకపోవచ్చు, ఆయాసమో, చెమటలో, వాంతో మాత్రమే ఉండవచ్చు. అందుకే అనుమానం ఉన్న రోగి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలని నియమం. నాళం పూర్తిగా మూసుకున్న గుండెపోటు అయితే ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచి 90 నిమిషాల్లో బెలూన్‌తో తెరవాలి. ఇంట్లో ఎవరికైనా ఇలా అయితే ఈనో తాగించి పొద్దుటిదాకా చూడకండి, 108కి ఫోన్ చేయండి. ఇది నర్సింగ్ చదవనివారికి కూడా చెబుతున్నాను.

ఆపరేషన్ అయినవారి దగ్గర

బైపాస్ అయినవారి ఐసీయూలో పని ఇంకో రకం. ఛాతీలో నుంచి గొట్టాలు వస్తాయి, వాటిలో రక్తం ఎంత వస్తోందో గంట గంటకూ రాయాలి. గంటకు 100 మిల్లీలీటర్లు దాటి వస్తుంటే వెంటనే చెప్పాలని అందరికీ తెలుసు. కొత్తవారికి తెలియనిది, వస్తున్న రక్తం ఉన్నట్టుండి ఆగిపోవడం. అబ్బ, ఆగింది అని సంతోషిస్తాం. గొట్టం గడ్డకట్టి, రక్తం లోపల గుండె చుట్టూ చేరి దాన్ని నొక్కేస్తూ ఉండవచ్చు. బీపీ పడిపోతూ గొట్టం ఖాళీగా ఉంటే అది ఎమర్జెన్సీ.

2021 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా రైతు ఒకాయన గుండెను దానం చేస్తే, నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వరకు మెట్రో రైల్లో అరగంట లోపే తీసుకుపోయారు. టీవీల్లో అందరూ చూసే ఉంటారు. మేము రోజూ డ్యూటీకి పోయే లైనే అది, రాయదుర్గం దాకా వెళుతుంది. మా వాళ్ళందరం ఆ వార్త చూస్తూ ఒకటే అనుకున్నాం, పెట్టె లోపలికి వెళ్ళాక కెమెరాలు పోతాయి, ఆ మంచం పక్కన ఎవరో ఒక సిస్టర్ ఈ రాత్రి మూత్రం ఎంత వచ్చిందో గంట గంటకూ రాస్తూ కూర్చుంటుంది అని.

పోయినవాళ్ళు

ఇది రాయాలా వద్దా అనుకున్నాను. రాయకపోతే అబద్ధం చెప్పినట్టే.

నా చేతుల మీద మొదట పోయిన మనిషికి 38 ఏళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆఫీసు నుంచే తెచ్చారు. నలభై అయిదు నిమిషాలు మారి మారి ఛాతీ నొక్కాం. బయట ఆయన భార్య మెడలో వేసుకునే ఐడీ కార్డు పట్టుకుని నిలబడింది, ఎవరో తీసి ఆమె చేతికి ఇచ్చినట్టున్నారు. డాక్టరు చెప్పి వెళ్ళిపోయిన తర్వాత మిగిలిన పని నర్సుదే. సూదులు, గొట్టాలు తీయడం, తుడవడం, కళ్ళు మూయడం, ఉంగరం, వాచీ లెక్కపెట్టి రాసి సంతకం తీసుకుని ఇంటివారికి అప్పగించడం. అన్నీ సరిగ్గానే చేశాను. తర్వాత దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. పది నిమిషాలకు మూడో నంబరు బెడ్డుకు మందు టైమైంది.

మనవాళ్ళకు గుండెపోటు చిన్న వయసులోనే వస్తుంది. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనం లెక్కల ప్రకారం మొదటి గుండెపోటు వచ్చే వయసు దక్షిణాసియా వారిలో 53 దగ్గర, ఇతరుల్లో 59 దగ్గర ఉంది. కాబట్టి ఈ వార్డులోకి వచ్చేవారు మన అన్నల వయసువారు, మన వయసువారు కూడా. ఏడుపు వస్తే ఏడవండి. ఎవరూ చూడకుండా ఏడ్చేకన్నా తోటి సిస్టర్‌తో చెప్పుకుని ఏడవడం మేలు. నాకు ఆ మాట చెప్పేవారు లేక ఆరు నెలలు నిద్ర సరిగా పట్టలేదు.

జీతం, రూము, కాగితాలు

జీతం గురించి అడగడానికి మొహమాటపడకండి. నా మొదటి జీతం 8,500. నలుగురు ఉండే పీజీ రూముకు, మెస్సుకు సగం పోయేది. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకుందామంటే రూములో మిగతావారు లేచి తిరిగే టైము. కిటికీకి నల్ల దుప్పటి కట్టుకుని పడుకునేదాన్ని. 127కే బస్సులో నిలబడి నిద్రపోయిన రోజులున్నాయి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి ఆ ఖర్చు ఇప్పటివారికి తప్పింది.

2016 జనవరిలో ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు ఒక కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో నర్సుకు ప్రభుత్వ నర్సుతో సమానంగా, 100 దాటితే పది శాతానికి మించి తగ్గకుండా, 50 నుంచి 100 లోపు అయితే ఇరవై అయిదు శాతానికి మించి తగ్గకుండా, 50 లోపు అయినా 20,000కు తగ్గకుండా ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. సిఫారసు వేరు, చేతికొచ్చే జీతం వేరు అని మీకు చెప్పనక్కర్లేదు. అయినా ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ఈ లెక్క తెలిసి ఉంటే మనిషి కొంచెం నిటారుగా కూర్చుంటుంది. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక నర్సు ఉండాలని ప్రమాణం. ఒక్కదానికే అలాంటి ఇద్దరిని అప్పగిస్తే, చేయనని గొడవ పడకపోయినా, ఇన్‌చార్జ్‌కు చెప్పి, చెప్పినట్టు డ్యూటీ పుస్తకంలో రాయండి.

చదువు సంగతి క్లుప్తంగా. జీఎన్ఎం మా రోజుల్లో మూడున్నరేళ్ళు, ఇప్పుడు మూడేళ్ళు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, దీనికి ఇంటర్లో బైపీసీ తీసుకోండి. స్తోమత చూసుకుని ఏదైనా చేయవచ్చు, కానీ వీలైతే బీఎస్సీయే మంచిది, ముందుకు ఎదగడానికి అడ్డం ఉండదు. చదువు కాగానే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. గుండె వార్డు కావాలనుకుంటే బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ శిక్షణలు ఉంటాయి, సర్టిఫికెట్ రెండేళ్ళు పనిచేస్తుంది, కొన్ని ఆసుపత్రులు వాళ్ళ ఖర్చుతోనే చేయిస్తాయి, చేరేముందే అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటాం అనే చోట జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. నేను ఒకచోట ఇచ్చి, తిరిగి తెచ్చుకోవడానికి ఏడు నెలలు తిరిగాను.

ఇంటర్వ్యూకు హైదరాబాదు వచ్చేవారు ముందు రోజే వచ్చి మా రూములో దిగవచ్చు. ఇద్దరికి చోటు ఉంటుంది. నా నంబరు సంఘం కార్యదర్శి దగ్గర ఉంది. నైట్ డ్యూటీలో ఉంటే ఎత్తను, పొద్దున 9 తర్వాత చేయండి.